అప్పలనాయుడు గారి ఫోల్డర్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. గాలి సోకకుండా కట్టుకోమని మా అమ్మ విజయనగరం నుంచి తాయెత్తు పంపిస్తే, దాని నల్లతాడుతో కంప్యూటర్ వైర్లు కట్టేసుకున్నదాన్ని నేను. ఇప్పటికీ పెద్దగా మారలేదు. అందుకే ఈ ఒక్క సంగతి నన్ను వదలడం లేదు.

కిరండూల్ రైలు మార్గంలో ఒక ఇనుప గని టౌన్‌షిప్‌లో అప్పుడు నా ఉద్యోగం. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ కలిపి, ఒకే పెద్ద లెక్కను తలా కాస్త పంచుకుని చేసేలా అమర్చాం. గ్రిడ్ అనేవాళ్ళం. లెక్క ఎన్ని మెషీన్లు చేసినా దాచుకునే చోటు మాత్రం అందరికీ ఒక్కటే, ఉమ్మడి ఇంట్లో అటక లాగా. సామాను ఎక్కించేవాళ్ళే గానీ దించేవాళ్ళుండరు. ఆ స్టోరేజ్ చూసుకోవడం నా పని.

మా హాల్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి ఫోల్డరైనా చెరిపేముందు లేచి నిలబడి, పేరు పెట్టి పిలిచి, "తీసేస్తున్నా" అని గట్టిగా అనాలి. జవాబు రాకపోతేనే తీసేయాలి. ఒకసారి ఎవరిదో నెలల కష్టం పోయాక పెట్టుకున్న కట్టుబాటు అది. సర్వేయర్ అప్పలనాయుడు గారు మాత్రం ఏనాడూ ఒప్పుకునేవారు కాదు. కుర్చీలోంచి కదలకుండానే "ఉంచు తల్లీ, పనుంది" అనేవారు. ఏం పనో, మహానుభావుడు, ఒక్కనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఆయన జ్వరమొచ్చి జగ్దల్‌పూర్ ఆస్పత్రిలో పోయారు. ఫోల్డర్ అలాగే ఉండిపోయింది.

ఆ వానాకాలం గనిలో, కొండను నిలువుగా తవ్వగా మిగిలిన ఒక గోడకు బీట కనిపించింది. గోడ నిలుస్తుందా లేదా అని గ్రిడ్ మీద లెక్క పెట్టాం. భద్రమే అని తేలితేనే మనుషులు దాని కిందికి దిగాలి. దిగాల్సినవాళ్ళలో మా తమ్ముడు శీను ఉన్నాడు, షావెల్ అనే పెద్ద తవ్వకం యంత్రం నడుపుతాడు.

లెక్క చివరికొస్తుండగా, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ, స్టోరేజ్ నిండిపోవచ్చింది. మేనేజర్ ఫోన్ మీద ఫోన్, "జల్దీ మేడమ్, జల్దీ!" అని. శీను కూడా చేశాడు.

"అక్కా, ఇంకెంతసేపే? షావెల్ గోడ కిందే వదిలేసి వచ్చాం."

"ఆగరా బాబూ, నీకేం తొందర!" అని కసిరాను.

తీయగలిగినవన్నీ తీసేశాను. ఇక మిగిలింది నాయుడు గారిదే. దానికి నకలు వేరే డిస్కులో ఉంది కాబట్టి పోయేదేమీ లేదు. అలవాటు కొద్దీ లేచి నిలబడి, "నాయుడు గారూ, తీసేస్తున్నా" అనేశాను. నాకే నవ్వొచ్చింది.

"ఉంచు తల్లీ, పనుంది."

ఆయన ఖాళీ కుర్చీ వైపునుంచే వచ్చింది. అదే గొంతు, అదే విసుగు. హాల్లో నేను కాక ఉన్నది భోపాల్‌పట్నం నుంచి వచ్చిన మా ఆపరేటర్ సమ్మన్న ఒక్కడే. టిఫిన్ డబ్బా మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏంది మేడమ్ ఇది? సార్ గొంతే గదా!" అన్నాడు, నేను నోరు విప్పకముందే.

వాకీటాకీలు చూశాం, ఆపేసి ఉన్నాయి. మా కంప్యూటర్లకు స్పీకర్లే లేవు. వరండాలో వాన తప్ప ఎవరూ లేరు. నా వేలు మాత్రం ఆ బటన్ మీదికి పోలేదు. భయమేసింది, అంతే. చూస్తుండగానే చోటు చాలక లెక్క ఆగిపోయింది.

మేనేజర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయినా లెక్క తేలందే మనుషుల్ని దించే వీల్లేదు కదా, శీనూ వాళ్ళు షెడ్డులోనే కూర్చున్నారు. ఆ సాయంత్రం లోపే గోడ కూలింది. షావెల్ ఆనవాలు కూడా కనిపించకుండా పూడిపోయింది. "అక్కా, బతికే ఉన్నానే" అని శీను ఫోన్లో ఏడ్చేదాకా వాడి నంబరుకి ఫోన్ చేయడం ఆపలేదు.

ఇంతటితో అయిపోయుంటే ఏదో కలిసొచ్చిందిలే అని సరిపెట్టుకునేదాన్ని. కొత్త డిస్కులు వచ్చాక, ఆగిన లెక్కను ఆగిన చోటినుంచే నడిపించాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. జవాబు వచ్చింది: గోడ భద్రమే.

ఆ రోజు ఫోల్డర్ తీసేసి ఉంటే, మా తమ్ముణ్ణి నా చేతుల్తో నేనే గోడ కిందికి పంపేదాన్ని.

ఫోల్డర్ తెరిచి చూశాను. పాత కొండ కొలతలు, మనవరాలి పుట్టినరోజు ఫొటోలు. ఆ గోడ గురించి ఒక్క ముక్క లేదు. స్టోరేజ్ మారినప్పుడల్లా ముందు ఆ ఫోల్డర్‌నే జాగ్రత్తగా కొత్త దాంట్లోకి చేరుస్తాను.

ఆయన పేరు మాత్రం పిలవను. పిలిచాక జవాబు రాకపోతే, పద్ధతి ప్రకారం తీసేయాలి కదా.