గంజి పెట్టిన గాలం

కడుపు చెక్కలయ్యేలా నవ్వే ఓపిక ఉంటేనే ముందుకు చదవండి. కొత్త అల్లుడినైన నేను, అత్తగారి ఊళ్ళో, నలుగురి ముందు, నా పరువును చేతులారా నీళ్ళలో ఎలా కలిపానో చెప్తాను.

మాది సిరిసిల్ల, మగ్గం పని. మామ మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పెళ్ళయిన ఏడాది, హోలీ వెళ్ళాక అక్కడికి పోయాను. కాలనీ వెనక ఊరందరి చెరువు ఉంది. నీళ్ళు మోకాలి లోతుకు తగ్గి, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఒడ్డు పక్కన వేలెడంత పరక చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. అది చూశాక నా నోరు ఊరుకుంటుందా?

"మామా, రేపు పగటిబువ్వకు కొర్రమీను కూర తినిపిస్త!"

"గీ ఎండకు కొర్రమీను నడుమ బురదల పండుకుంటది అల్లుడా. ఎర ముట్టదు."

"నా దారం సంగతి నీకు ఎరుకలేదు!"

పాపం, మామ నమ్మాడు. నమ్మి, బాయిలో తన జతగాళ్ళు నలుగురిని భోజనానికి పిలిచాడు. అత్త మసాలా నూరి, "జర పప్పు గూడ వండాల్నా?" అని అడిగింది. "అక్కర్లేదత్తా!" అన్నాను. చూశారా పొగరు!

దారం అంటే మామూలు దారం కాదు. పడుగు నూలు మూడు పేటలు పురిపెట్టి, చిక్కటి బియ్యపు గంజి పట్టించి ఆరబెట్టాను. గంజి లేని పోగును మేం పోగే అనం మరి!

పొద్దున్నే గాలం వేశాను. నీళ్ళ మీద తేలే బెండు ఒకటే గంతులు. లాగితే ఎర ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. ఏమిటీ వింత అని నీళ్ళలోకి దిగి, వంగి చూశాను. ముల్లు వైపు ఒక్క చేపా చూడటం లేదు. దారం పొడుగునా పరకలు బంతి భోజనానికి కూర్చున్నట్టు చేరి మేస్తున్నాయి! నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే మామ వచ్చాడు.

"ఏమాయె?"

"బెండు ఎగురుతుంది గని చేప వడ్తలేదు మామా."

దారాన్ని వేళ్ళతో నలిపి చూశాడు. "దీనికి గంజి వెట్టినవా?"

"వెట్టకుంటే పోగు తెగదా?"

"ఓరి నీ! చేపకు గాలమేస్తున్నవా, చీరె నేస్తున్నవా?"

ఆయన నవ్వు ఆగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నలుగురు వచ్చే వేళయింది, పొయ్యి మీద ఉన్నది ఉత్త చింతపులుసు!

ఉన్నట్టుండి మామ నవ్వు ఆపాడు. "కదలకు! దారం గట్లనే వట్టుకో!" తలకు చుట్టిన తువ్వాల విప్పి, చేపల కింద నుంచి మెల్లగా ఎత్తాడు. దోసెడు పరకలు! అలా ఏడెనిమిది సార్లు ఎత్తేసరికి బుట్ట నిండింది. నేను గుంజలా నిలబడే ఉన్నాను.

జతగాళ్ళు పరకల పులుసు వేళ్ళు నాకుతూ తిన్నారు. "అల్లుడు ఏం ఎర వెట్టిండే?" అని ఒకాయన అడిగాడు.

"ఎర గాదు, మనకంటె ముందుగాల చేపలకు దావతిచ్చిండు!" అన్నాడు మామ. తలుపు వెనక నా పెళ్ళాం నవ్వు నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున ఆ నలుగురూ తువ్వాళ్ళు పట్టుకుని గడపలో నిలబడ్డారు.

"అల్లున్ని జర చెరువుకు తోలు. గాలం వద్దు, దారం చాలు!"

అక్కడికక్కడే చెంపలేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: చేప బుట్టలో పడి, అత్త దాన్ని తోమి, ఉప్పు పసుపు పట్టించేదాకా ఈ జన్మలో కూర మాట ఎత్తను.