లంగా అంచున కుట్టిన నంబరు

మా పక్కింటి టైలరమ్మగారు ఆసుపత్రిలో పోయారని సోమవారం పొద్దున ఆటో స్టాండులో విన్నాను. ఇరవయ్యేళ్ల కిందట ఆవిడకు నేనొక మాటిచ్చాను: "రేపు స్టేషనుకొచ్చి సాక్ష్యం చెబుతాను." వెళ్లలేదు.

పి.గన్నవరంలో జాకెట్లు కుట్టుకుని బతికిన ఆ మనిషి, గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కోసం జీవితమంతా ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎవరు బయల్దేరుతున్నా పిలిచి, లంగా అంచు లోపలివైపు పాస్‌పోర్టు నంబరూ తన ఫోను నంబరూ ఎర్రదారంతో కుట్టేవారు. "దిగగానే కాగితాలన్నీ లాగేసుకుంటారే. లంగా లాక్కోరు కదా!" అని నవ్వించేవారు.

అక్కణ్నించి ఫోనొస్తే ఎంబసీకి అర్జీ రాసేది ఇంగ్లీషు మాస్టర్నైన నేను. ఓసారి మా ఊరి పిల్ల ఒకతె కోసం రెండు పేజీలు దంచాను. అర్థం చెప్పించుకుని, "మాస్టారండీ, ఇందులో మీరే కనబడుతున్నారండి. మన పిల్లెక్కడుందండి?" అన్నారు. నేను చదివిన విమర్శకులెవరూ నన్నంత తేలిగ్గా పట్టుకోలేదు. కొట్టేసి నాలుగు వాక్యాలు రాశాను.

ఆ నాలుగు వాక్యాలకే ఆ పిల్ల తిరిగొచ్చింది, చేతుల నిండా ఇస్త్రీపెట్టె వాతలతో. పంపిన ఏజెంటు మా చెల్లెలి మొగుడు. "బడిలో ఆయా పని" అని అతను ఆ పిల్ల తల్లికి చెప్పింది మా అరుగు మీదే, నా ఎదుటే. కేసు నిలబడాలంటే నేను నోరు విప్పాలి.

స్టేషనుకి వెళ్లాల్సిన పొద్దున బావ వచ్చాడు. ఎంత మర్యాదో! "ఆయ్, వెళ్లి రండి బావగారూ. మీ చెల్లెలి బట్టలు సర్దించి ఉంచేను. వచ్చేటప్పుడు మనిషిని కూడా తీసుకుపోదురుగాని."

నేను చొక్కా విప్పేశాను. టైలరమ్మగారు సాయంత్రం దాకా స్టేషను బెంచీ మీద కూర్చున్నారట. కేసు పోయింది. మర్నాడు గోడ మీంచి, "టీ తాగేరా మాస్టారూ?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అతను ఆ తర్వాతా చాలామందిని పంపాడు. ఒకామె శవమై వచ్చింది. తీసుకురావడానికి హైదరాబాదు దాకా టైలరమ్మగారే వెళ్లారు.

నిన్నటి సంతాపసభకు అతనే అధ్యక్షుడు. "కష్టజీవుల కన్నతల్లి" అని కళ్లు తుడుచుకున్నాడు. వెనక కుర్చీలోంచి ఆ వాతల పిల్ల నా వైపే చూస్తోంది. మా చెల్లెలు పోయి నాలుగేళ్లయింది; నేను కాపాడాల్సిన కాపురం ఇక లేదు. నా సాక్ష్యం కోసం ఎదురుచూసిన మనిషీ లేదు. అయినా చెబుతున్నాను: ఆ పిల్లని అబద్ధం చెప్పి పంపినవాడు మా బావ, సత్తిబాబు.