బిందె మామ దాహం

నిన్న పొద్దున మా తమ్ముడి కూతురు మిద్దె మీద అటూ ఇటూ నడుస్తూ పాఠం బట్టీ కొడుతుంటే, నేను మెట్ల దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. అది డిగ్రీలో బయాలజీ చదువుతోంది. "హార్మోన్ వచ్చి కణం మీదున్న రిసెప్టర్ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. రిసెప్టర్ ఆకారం మారుతుంది. దాంతో లోపలున్న ఇంకో ప్రొటీన్ మేలుకుంటుంది. అది మరోదాన్ని లేపుతుంది" అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పుకుంటోంది. మదనపల్లె హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని నేను. నదులు, రాజవంశాలు అడిగితే నిద్రలో లేపినా చెబుతాను గానీ కణాల జోలికి ఎన్నడూ పోలేదు. అయినా నోరు ఊరుకోక, "ఆ రిసెప్టర్ పని చేయకుంటే ఏమవుతుందే?" అని అడిగాను. అది పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగి, "అది సిలబస్‌లో లేదత్తా" అంది. సిలబస్‌లో లేకపోవచ్చు. మా ఇంట్లో మాత్రం చాలా ఏళ్లుగా ఉంది, మా మేనమామ రూపంలో.

మామ మా అమ్మకు తమ్ముడు. పుంగనూరు దాటాక చౌడేపల్లె దగ్గర వాళ్లది ఓ చిన్న పల్లె. నాలుగు ఆవులు, ఎండాకాలం వస్తే గొంతు ఎండిపోయే ఒక బోరు. ఆయన్ను పిల్లలమందరం బిందె మామ అనేవాళ్లం. గ్లాసుతో ఆయన నీళ్లు తాగగా ఎవరూ చూడలేదు. చెంబు పైకెత్తి, కళ్లు మూసుకుని, గొంతు గుటగుటలాడుతుండగా చివరి బొట్టు దాకా దించి, వెంటనే ఇంకో చెంబుకు చెయ్యి చాపేవాడు. తాగినదంతా ఎక్కడికి పోతుందో కూడా అందరికీ తెలుసు. పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు, ఒళ్లో ఐదు లీటర్ల నూనె క్యాను నిండా నీళ్లు పెట్టుకుని. ఆ దారిన తిరిగే డ్రైవర్లకు ఆయన సంగతి ఎంత అలవాటంటే, అడగకముందే కల్వర్టు దగ్గర బస్సు ఆపేవారు. చూసిన ప్రతివాళ్లూ షుగరన్నారు. పుంగనూరులో పరీక్షలు చేయించారు, షుగరు లేదన్నారు. మళ్లీ చేయించారు, మళ్లీ లేదన్నారు. పరీక్ష ఎన్నిసార్లు లేదన్నా చుట్టాలు నమ్మలేదు. ఏ ఇంటికి వెళ్లినా ఆయనకు చక్కెర లేని టీ ఇచ్చేవారు. "నాకు సక్కెర జబ్బు లేదప్పా, దాహం ఒకటే ఉండాది" అని మామ మొత్తుకుంటూనే ఆ చప్పిడి టీ తాగేవాడు.

పెళ్లిచూపులకు వాల్మీకిపురం వెళ్లినప్పుడు అమ్మాయి కాఫీ తెచ్చేలోపే ఆయన మళ్లీ మళ్లీ నీళ్లడిగి, అన్నిసార్లూ పెరట్లోకి వెళ్లొచ్చాడట. పిల్ల తండ్రికి మనసు విరిగిపోయింది. వీళ్లు గుమ్మం దిగగానే ఈ సంబంధం వద్దని తేల్చేశాడు. లోపల్నుంచి ఆ పిల్ల, అంటే మా అత్త, "నీళ్లే గదా నాయనా ఆయప్ప అడిగింది, సారాయి అడగలేదు గదా" అందట. ఆ మాటతో పెళ్లయిపోయింది. తర్వాత జీవితమంతా అత్త నీళ్లు మోస్తూనే ఉంది. బోరు ఎండిన ఏడాది ట్యాంకరు తోలే అతను పైపు తొట్టిలో వేస్తూ, "ఇవి ఆవులకా అమ్మా, మీ ఆయనకా?" అని అడిగేవాడు. అత్త ముఖం చిన్నబుచ్చుకోకుండా, "ముందు ఆయనకు, మిగిలితే ఆవులకు" అనేది. మేమంతా నవ్వేవాళ్లం. మామ కూడా నవ్వేవాడు. ఒక మనిషికి దాహమేయడం నవ్వులాట విషయం కాదని మాకెవరికీ తోచలేదు.

కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున పాలు పితకబోయి కొట్టంలో పేడ మీద కాలు జారి మామ పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించారు. ఆవుల్ని చూసుకోడానికి అత్త ఊరికి వెళ్లాల్సి రావడంతో పక్కన నేనున్నాను. మర్నాడు పొద్దున ఆపరేషన్, ఈ పూట నుంచే ఏమీ తినకూడదు, తాగకూడదు అని నర్సు చెప్పింది. నేను మామ ముఖం చూశాను. ఆయన దిండు పక్కనున్న నీళ్ల సీసాను తనే తీసి నా చేతికిచ్చి, "డాక్టరు సెప్పినాడు గదమ్మా. ఒక్క పూట ఓర్సుకుంటాలే" అన్నాడు. ఆయనకు ఆస్పత్రులంటే అంత భయభక్తులు.

ఆ పొద్దున ఏదో యాక్సిడెంట్ కేసు రావడంతో మామ ఆపరేషన్ వెనక్కి పోయింది. ఇదిగో అదిగో అంటూ ఎండ పైకెక్కింది. ఆయన పెదవులు పగిలాయి. నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట సరిగా రావడం లేదు. నర్సును పిలిస్తే, "ఆపరేషన్ ముందు అందరికీ అట్లే ఉంటుందమ్మా" అంది. కాసేపటికి మామ నా కేసి చూసి, నన్ను మా అమ్మ అనుకుని, "అక్కా, బిందె యాడ పెట్టినావు?" అన్నాడు. మా అమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది. డాక్టర్లు వచ్చారు. పక్షవాతమేమో అన్నారొకరు. నీరసమన్నారు ఇంకొకరు. సెలైను పెట్టారు. సెలైనెక్కే కొద్దీ తేరుకోవాల్సిన మనిషి ఇంకా మగతలోకి జారిపోతున్నాడు. మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచేమో నిండిపోతోంది, తెల్లగా, కుళాయి నీళ్ల లాగా. నర్సు దాన్నే చూస్తూ నిలబడిపోయింది. "నీళ్లు తాగని మనిషికి ఇంత ఎట్ల వస్తాంది?" అని తనలో తనే అనుకుంది. అంతలో రక్తపరీక్ష వచ్చింది. "ఒంట్లో ఉప్పు బాగా పెరిగిపోయింది" అన్నాడు సర్జన్. మామ ఊరగాయ ఎక్కువ తింటాడు కాబట్టి అదే కారణమనుకుని, ఆ మాట సర్జన్‌కు చెప్పాను కూడా. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఉప్పు పెరగలేదమ్మా, నీళ్లు తగ్గాయి, అందుకే అలా కనబడుతోంది, ఎందుకు తగ్గాయో నాకూ అంతుపట్టడం లేదు అన్నాడు. తెలియదని ఒప్పుకున్న ఆ మనిషి మీద నాకప్పుడు గౌరవం కలిగింది. కుప్పంలో తనకు తెలిసిన కిడ్నీ డాక్టరు ఒకామె ఉందని ఫోన్ చేసి, వెంటనే అంబులెన్స్ ఎక్కించాడు. పుంగనూరు బస్టాండు ముందు నుంచి వెళ్తుంటే, మామా, మీ పుంగనూరు అన్నాను. ఆయన కళ్లు తెరవలేదు.

కుప్పంలో ఆ డాక్టరమ్మ తమిళం కలిసిన తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న, "ఈయన మామూలుగా ఎంత తాగుతారు నీళ్లు?" అని. చౌడేపల్లె నుంచి అప్పుడే పరుగెత్తుకొచ్చిన అత్త, "బిందెడు" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ జవాబు విని నవ్వని మనిషిని అత్త అప్పుడే మొదటిసారి చూసి ఉంటుంది. "చిన్నప్పటి నుంచీనా?" అని అడిగి, అవునంటే, పెట్టిన సెలైనూ ఉప్పు నీళ్లేనని దాన్ని తీయించి చక్కెర నీళ్ల సీసా పెట్టించింది. ముక్కులోంచి గొట్టం వేసి మామూలు నీళ్లు కూడా ఇవ్వమంది. అయితే గబగబా ఇవ్వకూడదట, మెదడు ఉబ్బుతుందట, ఉప్పును నిదానంగా దించాలట. మామకు కావలసింది నీళ్లేనని తెలిశాక కూడా నీళ్లు కొలిచి పోస్తుంటే చూస్తూ కూర్చోవడం మాకు శిక్ష లాగే ఉండింది. రెండు రోజుల తర్వాత మామ కళ్లు తెరిచి, "నీళ్లు" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నీళ్లు పట్టి ఉంచమని మెదడు కిడ్నీకి పంపే హార్మోన్ ఒకటుందట, దాన్నే సూదిమందుగా ఇచ్చి చూశారు. మూత్రం ఏమాత్రం చిక్కబడలేదు. అప్పుడు డాక్టరమ్మ మా ముగ్గురికీ వివరించింది. "ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు ఒక హార్మోన్‌ను వదుల్తుందమ్మా. అది రక్తంలో కిడ్నీ దాకా పోతుంది. కిడ్నీ కణం మీద దాన్ని అందుకోడానికే ఒక ప్రొటీన్ ఉంటుంది. అది అందుకుంటే కణం లోపల ఒకదాని తర్వాత ఒకటి పనులు మొదలవుతాయి. చివరకు లోపల దాచిపెట్టిన సన్నని నీటి దారులు కణం పైకొచ్చి తెరుచుకుంటాయి. మూత్రంలో పోబోయే నీళ్లు వాటి గుండా మళ్లీ ఒంట్లోకి వస్తాయి. ఈయనకు ఆ అందుకునే ప్రొటీనే పుట్టుకతో సరిగా లేదు." మామ పడుకునే విని, "అంటే నా తలకాయ సెప్తానే ఉండాది, కిడ్నీ ఇనుకోలేదు. అంతేనామ్మా?" అన్నాడు. అంతే అందామె. మామ పైనున్న ఫ్యాను కేసి చూస్తూ, "ఇన్నేండ్లూ అరస్తానే ఉండాదా, పాపం" అన్నాడు.

అంతవరకూ నాకు కొంత అర్థమైంది. ఆ తర్వాత ఆమె రాసిన మందుతో మళ్లీ మొదటికొచ్చింది. అది మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్ర. మా పక్కింటాయన బీపీకి వేసుకునేదే. "ఒంటికి పోయే రోగానికి ఒంటికి పోయే మాత్ర ఇస్తారా తల్లీ?" అని అత్త అడిగేసింది. ఆ మాత్ర ముందు కొంత ఉప్పును బయటకు పంపుతుందట. ఉప్పు తగ్గేసరికి కిడ్నీ మొదటి భాగం జాగ్రత్తపడి ఉప్పునూ నీళ్లనూ అక్కడే పట్టి ఉంచుతుందట. దాంతో చెడిపోయిన చివరి భాగం దాకా నీళ్లు తక్కువగా వస్తాయట. డాక్టరమ్మ ఓపికగా రెండోసారి చెప్పింది. నేను తలాడించాను. అర్థమైందని కాదు, మూడోసారి చెప్పించడానికి మొహమాటం వేసి. ఎట్లా పని చేసిందో గానీ పని చేసింది. తుంటి ఆపరేషనూ అక్కడే అయింది. చేతికర్రతో ఇల్లు చేరిన మామ, కొన్నాళ్లకు పుంగనూరు నుంచి మదనపల్లె దాకా ఒక్కసారీ దిగకుండా వచ్చాడు. డ్రైవరు మాత్రం అలవాటుగా కల్వర్టు దగ్గర బస్సాపి, ఎవరూ దిగకపోయేసరికి వెనక్కి తిరిగి చూశాడట.

డిశ్చార్జికి ముందు డాక్టరమ్మ, "వీళ్ల అమ్మకు ఈయన కాక వేరే మగబిడ్డలు ఉన్నారా?" అని అడిగింది. ఇద్దరుండేవాళ్లు. మామకు ముందు పుట్టి, ఏడాది నిండకుండానే ఆగని జ్వరంతో ఒకరి తర్వాత ఒకరు పోయారు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. మా అవ్వ చేతిలో మగబిడ్డ నిలవడన్నారు. మామ పుట్టినప్పుడు అవ్వకే జ్వరమొచ్చి పాలు పడక, ఏడుస్తున్న బిడ్డకు మంత్రసాని ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టింది. బిడ్డ ఏడుపు మానాడు. అప్పట్నుంచీ నీళ్లు పడుతూనే ఉన్నారు. అత్త ఇదంతా చెబుతుంటే డాక్టరమ్మ కలం కింద పెట్టి విన్నది. తర్వాత నా వైపు తిరిగింది. ఇది తల్లుల ద్వారా మగబిడ్డలకు వస్తుందంది. మోసే ఆడవాళ్లకు మామూలుగా ఏమీ తెలియదట. మామ కొడుకేమో చెంబెడు నీళ్లు కూడా తాగడు, వాడికి రాదట. ఎక్కడో మదనపల్లెలో ఉన్న నా కూతురి కడుపులో ఉన్నది మగబిడ్డయితే వాడికి రావచ్చట. అప్పుడు దానికి ఏడో నెల. తండ్రి నుంచి కొడుక్కు రానిది, మేనమామ నుంచి నా మనవడికి ఎట్లా వస్తుందని అడిగాను. మామ నుంచి కాదమ్మా, మీ అవ్వ నుంచి మీ అమ్మకు, మీ అమ్మ నుంచి మీకు అందామె.

కడుపుతో ఉన్న పిల్లకు ఈ మాట చెప్పాలా వద్దా అని కుప్పం నుంచి ఇల్లు చేరేదాకా మథనపడ్డాను. చెప్పకుండా ఉండలేక దాని వంటింట్లో నిలబడి చెప్పేశాను. అది స్టవ్ ఆపి, "నాకూ ఉండాదామ్మా?" అంది.

"ఉన్నా నీకు తెలీదంట."

"తెలీకపోతే ఉన్నట్టు ఎట్లమ్మా?"

అది నాకంటే గట్టిది. ఏడుస్తూ కూర్చోకుండా నేరుగా కుప్పం వెళ్లి ఆ డాక్టరమ్మనే కలిసింది. అక్కడే పురుడు పోసుకుంది. మగబిడ్డ. రక్తం పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా మొదటి రోజు నుంచే ఒంట్లో ఉప్పు చూస్తూ వచ్చారు. బిడ్డ పాలు తాగాక కూడా ఏడ్చేవాడు. డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్లు పడితే ఊరుకునేవాడు. ఫలితం వచ్చి, అవును వీడికీ ఉంది అన్నప్పుడు మేమంతా ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఏడవాలో, ముందే తెలిసినందుకు దండం పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు వాడు ఇల్లంతా పరుగెడుతున్నాడు. ఒక్క రోజు కూడా జ్వరంతో ఆస్పత్రి మంచమెక్కలేదు.

వాణ్ని చూడడానికి మామ వచ్చిన రోజు, వాడింకా ఒళ్లో పట్టేంత ఉన్నాడు. మామ కర్ర గోడకు ఆనించి, కూర్చుని, బిడ్డను తొడల మీద పడుకోబెట్టుకుని చెంచాతో నీళ్లు పట్టాడు. "తాగు నాయనా. నీకు యారూ అడ్డం సెప్పరు" అన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక నా వైపు చూసి, "మా అన్నలిద్దరూ నీళ్లకే ఏడ్సినారేమో గదమ్మా" అన్నాడు. నేను ఆయన చేతిలోంచి ఖాళీ గిన్నె అందుకున్నాను. అవ్వ చచ్చేదాకా తన పాలలోనే విషముందనుకుంది. ఆమె తప్పేమీ లేదని చెప్పడానికి ఇప్పుడు మా దగ్గర అన్ని మాటలూ ఉన్నాయి, వినడానికి ఆమె లేదు. పెద్దవాళ్లు వెళ్లిపోయాక గానీ వాళ్లకు చెప్పాల్సిన మాటను కాలం మన చేతికి ఎందుకివ్వదో, ఇంత వయసొచ్చినా నాకు అర్థం కావడం లేదు.