ఆముదం పట్టించిన సీటు రాడ్డు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా నానమ్మ అంటుంది. నిజమే, ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. కానీ ఈ సంగతి జరిగిననాటికి నాకు పదకొండేళ్లు. ఆ పదకొండేళ్ల పిల్ల ఇప్పుడెక్కడా కనిపించడం లేదు కాబట్టి దాన్ని చిన్నతనం అనుకోవడంలో తప్పులేదు.

మాది నరసరావుపేట పక్క ఊరు. శివరాత్రి వస్తోందంటే నెల ముందునుంచే మా ఊళ్లో ప్రభ కట్టడం మొదలవుతుంది. వెదుళ్లూ వాసాలూ కలిపి మేడకన్నా ఎత్తయిన చట్రం లేపి, రంగు గుడ్డలు, లైట్లు తొడిగి కోటప్పకొండ తిరునాళ్లకి తీసుకుపోతాం. మా ఊరి ప్రభ కట్టేది పక్కింటి తాతయ్య. చుట్టరికం ఏమీ లేదు, గోడ కలిసింది కాబట్టి తాతయ్య. ఆయన ప్రతి వెదురునీ ఒక పాత రూపాయి బిళ్లతో ఈ చివరనుంచి ఆ చివరిదాకా తట్టుకుంటూ పోయేవాడు. మోత మారిన చోట ఆగేవాడు. ఆ వెదురు ఎవరి పాకకో పోయేది, ప్రభలోకి మాత్రం రాదు. మేమంతా దాన్ని చాదస్తం అనుకునేవాళ్లం. ఆయన కట్టిన ప్రభ ఒక్కటీ దారిలో ఒరగలేదన్న సంగతిని ఎవరూ ఆ చాదస్తంతో కలిపి చూడలేదు.

ఆ ఏడు మా బాబాయి బెంగుళూరు నుంచి రేసు సైకిల్ తెచ్చాడు. దాని ధర ఆయన ఎవరికీ చెప్పలేదు. నానమ్మ అందరికీ చెప్పింది. బస్సులో తేవడానికి విడదీసిన భాగాలన్నిటినీ వరండాలో దుప్పటి మీద పరిచి మాకు చూపించాడు. సీటు కింద ఉండే నల్లటి రాడ్డు అరచేతిలో పెడితే పెట్టినట్టే లేదు. సన్నటి బొగ్గు పోగుల్ని జిగురులో అదిమి చేస్తారట, బరువుకి బరువు చూసుకుంటే ఇనుముకన్నా గట్టిదట. శివరాత్రికి ముందురోజు కొండ ఘాట్ రోడ్డు ఎక్కి, బ్రేకు మీద చెయ్యి వేయకుండా దిగుతానని ఊరంతా చెప్పుకొచ్చాడు. ప్రతిజ్ఞలు చేయడంలో మా ఇంటివాళ్లకి లోటు లేదు.

ఆయన స్నానానికి వెళ్లిన కాసేపట్లో నానమ్మ ఆ నల్లటి భాగాలన్నిటికీ ఆముదం పట్టించింది. పండగ ముందు గడ్డపార నుంచి కత్తిపీట దాకా ఆముదం తాగని ఇనుము మా ఇంట్లో ఉండదు. కొడుకు వస్తువు తుప్పు పట్టకూడదన్న ప్రేమ. పైన శుభ్రంగా గుడ్డతో తుడిచింది కూడా. బాబాయి వచ్చి, ఏమీ తెలియక, అన్నీ బిగించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే నేను ఆ సైకిల్ తీశాను. ముట్టుకోవద్దన్నాడు కాబట్టే తీశాను. కాళ్లు అందేలా సీటు దించి, దొడ్లో రెండు రౌండ్లు కొట్టి, మళ్లీ పైకి లేపి బిగించబోతే అది నిలవలేదు. ఎంత బిగించినా కిందికి జారుతోంది. ఆముదం సంగతి నాకు తెలియదు. మా ఊళ్లో జారేదానికి ఒకటే మందు, ఇంకా బిగించడం. ఎంత బలం పెట్టాలో చెప్పే చిన్న పానా ఒకటి బాబాయి దగ్గర ఉంది గానీ అది నా కంటికి ఆనలేదు. నాన్న ట్రాక్టర్ పనిముట్ల పెట్టెలోంచి బోల్టులు బిగించే కీ తెచ్చి, దానికి ఇనుప గొట్టం తొడిగి, రెండు చేతులతో వేలాడాను. లోపలెక్కడో టిక్కుమంది. సీటు ఇక జారలేదు. బిగింపు దగ్గర రాడ్డు మీద వెంట్రుకంత గీత కనిపించింది. వెంట్రుకే అనుకుని తుడిచాను. పోలేదు.

గీత సంగతి చెప్పాలంటే సైకిల్ ముట్టుకున్నానని చెప్పాలి. చెప్పకపోతే బాబాయి పొద్దున్నే ఆ రాడ్డు మీద కూర్చుని కొండ దిగుతాడు. ఈ రెండిట్లో ఏది పెద్దదో పదకొండేళ్ల పిల్లకి తెలుస్తుంది. తెలిసే నోరు మూసుకున్నాను.

సాయంత్రం బాబాయి సైకిల్‌ని ప్రభ కట్టే చోటికి నడిపించుకుపోయాడు. నేనూ వెనకే వెళ్లాను. నీ వెదుళ్లు దీని ముందు ఎందుకూ పనికిరావు, కావాలంటే తట్టి చూసుకో మామా అని తాతయ్యని కవ్వించాడు. తాతయ్య నవ్వి రూపాయి తీశాడు. హ్యాండిలు తడితే ఖంగుమంది. సీటు రాడ్డు పైభాగమూ ఖంగుమంది. కిందికొచ్చేసరికి తడిసిన డప్పులా డబ్బుమంది. అక్కడే మూడుసార్లు తట్టాడు. నేను ఆకాశం వంక చాలా శ్రద్ధగా చూస్తున్నాను. ఆకాశంలో ఏమీ లేదు.

బాబాయితో ఆయన ఏమీ అనలేదు. నన్ను పక్కకి పిలిచి, ఒక వెదురు చివర కాలితో తొక్కిపట్టి వంచాడు. అది కిర్రుమని అరిచింది.

“చూశావా పిల్లా, ఇది విరిగే ముందు మొత్తుకుంటది. పైకెక్కినోడు దిగిందాకా ఆగుద్ది. మీ బాబాయి రాడ్డు చానా గట్టిదే. కాకపోతే చెప్పకుండా పోయే రకం.” వెదురు మీంచి కాలు తీసి అన్నాడు: “దానికి నోరు లేదు. నోరున్నోళ్లెవరో దాని బదులు మొత్తుకోవాల.”

రూపాయి నా చేతిలో పెట్టి టీకి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అయిదు నిమిషాల్లో తిరిగొచ్చే మనిషి, ఆరోజు అరగంట దాకా రాలేదు.

నేను వెళ్లి, బాబాయి చూస్తుండగా, రాడ్డు మీద ఆ చోటే రూపాయితో తట్టాను. మాట వచ్చేదాకా తడుతూనే ఉన్నాను. ఒకసారి వచ్చాక కీ, గొట్టం, టిక్కు అన్నీ చెప్పేశాను. అడక్కపోయినా పాత నేరాలు ఇంకో రెండు కూడా చెప్పాను. బాబాయి రాడ్డు ఊడదీసి, వేళ్లు వాసన చూసుకుని, “ఆముదం” అన్నాడు. రాడ్డుని నేలకి ఆనించి అరచేత్తో నొక్కాడు. అప్పడంలా విరిగింది. కిర్రనలేదు, కిమ్మనలేదు. విరిగిన అంచులు సూదుల్లా ఉన్నాయి.

బాబాయి కొండవైపు చూసి, వెదుళ్ల కుప్ప మీద కూలబడ్డాడు.

“ఏమే, ఇంకేమైనా బిగించావా?”

“ఇదొక్కటే బాబాయ్.”

“దేవుడున్నాడు.”

తిట్లు ఇంటికెళ్లాక వచ్చాయి, కానీ ఎక్కువభాగం నానమ్మకి దక్కాయి. ఆముదానికే విరిగిపోయేది అదేం ఇనుమురా అని ఆమె ఎదురు తిట్టింది. తాతయ్య తన పాత సైకిల్ నుంచి ఇనుప రాడ్డు ఊడదీసి, సందు పూడ్చడానికి డబ్బా రేకు చుట్టి, బాబాయి సైకిల్‌కి బిగించిపెట్టాడు. మర్నాడు బాబాయి కొండ ఎక్కి, రెండు బ్రేకులూ పట్టుకుని, ముసలి ఎద్దులా దిగాడు. చూడ్డానికి ట్రాక్టర్లలో వచ్చినవాళ్లు పెదవి విరిచారు. అంత అందంగా ఎవరైనా కొండ దిగడం నేను మళ్లీ చూడలేదు.

తాతయ్య ఆ క్షణానే నా పేరు చెప్పి ఉంటే బాబాయి ఎలాగూ బతికేవాడే. నేను మాత్రం పట్టుబడ్డ పిల్లనై మిగిలేదాన్ని. ఒక టీకి అరగంట పట్టించి ఆయన నన్ను చెప్పిన పిల్లని చేశాడు. ఆ రూపాయిని జీవితాంతం దాచుకుందామనుకున్నాను గానీ, మర్నాడు పొద్దున్నే గోడ మీదుగా “రూపాయి ఏదే, పనుంది” అని అడిగి తీసేసుకున్నాడు. ఇప్పుడు ప్రభ కట్టేది తాతయ్య కొడుకు, ఆ రూపాయి ఆయన జేబులో ఉంది.

నాకు దక్కింది ఆ కిర్రు ఒక్కటే. నావల్ల ఏది చెడినా, అది విరిగేదాకా ఆగకుండా ముందే మొత్తుకుంటాను. ప్రతిదానికీ ఏంది నీ మోత అని మా ఇంట్లో విసుక్కుంటారు. విసుక్కోనీ. పైకెక్కినవాళ్లు దిగడానికి ఆ మాత్రం మోత కావాలి.