ఇంట్ల ఎవరు వింటరు?

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా ఓనర్ తాత కాలం చేశారు. చాయ్ తాగి, పేపర్ మడిచి, కుర్చీలో వెనక్కి వాలారట. అంతే. "ఆంప్ బంద్ చేసే ముందు వాల్యూం మెల్లగ తగ్గించాలె, ఒక్కసారి పీకద్దు" అని కస్టమర్లందరికీ చెప్పిన మనిషి, తన విషయంలోనూ ఆ పద్ధతే పాటించారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో ఆయనకు ఆంప్లిఫయర్ల రిపేర్ షాపు, సరూర్‌నగర్‌లో ఇల్లు. కింద ఆయనా మామ్మగారూ, పైన కిరాయికి మేము. నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ అని మొదటి రోజే చెప్పుకున్నాను. మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. "మా ఇంజినీరు బల్బు మార్చనీకి నన్ను పిలుస్తడు" అని గల్లీ అంతా ఆయనే చెప్పారు.

ఒకసారి ఎల్బీ నగర్‌లో ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే ఒక పెద్ద స్పీకర్ల జత ఆటోలో వేసుకొచ్చాను. ఒక్కోదాని వెనక రెండు జతల స్క్రూలున్నాయి. కిందివి బరువు శబ్దానికి, పైవి సన్న శబ్దానికి. రెండింటికీ వేరే వేరే ఆంప్ పెట్టుకోవచ్చన్నమాట. బై-ఆంపింగ్ అంటారు. వారం రోజులు చదివి, వాట్లూ ఓమ్‌లూ పట్టిక గీసి, గంభీరంగా షాపుకు పట్టుకెళ్ళాను. ఆయన కాగితం వైపు చూడను కూడా లేదు.

"ఇంట్ల ఎవరు వింటరు?"

"నేనే తాతగారూ. ముందు వాట్లు చూడండి."

"వాట్లు వినయి రా. మనుషులు వింటరు."

తర్వాత అసలు పాఠం. "కింద బలమున్నది పెట్టు, పైన నిమ్మళమున్నది పెట్టు. కాని రెండు ఒకే ఎత్తుల పాడాలె. ఒకటి అరిచి ఇంకోటి గొణిగితే అది పాట గాదు, మొగుడు పెండ్లాల పంచాయితి." నాకు ఆ పంచాయితీ లేకుండా ఒకే బాపతు ఆంప్‌లు రెండు ఎంచి పెట్టారు. నా పట్టికలో అవి లేనే లేవు.

ఇంట్లో వైర్లన్నీ బిగించి స్విచ్ మీద వేలు పెట్టానో లేదో, గుమ్మంలోంచి కేక. "ఆగు! పట్టీలు చూపియ్యి!" పై స్క్రూలనీ కింది స్క్రూలనీ కలిపే ఇత్తడి పట్టీలవి. రెండు ఆంప్‌లు పెట్టేటప్పుడు తీసెయ్యకపోతే ఆంప్‌లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. ఆ సంగతి నా డిగ్రీకి తెలుసు, చేతులకు తెలీదు. నాలుగు పట్టీలూ తీయించి, నా చొక్కా జేబులో వేయించి, జేబు తట్టి చూసుకున్నాకే స్విచ్ వేయనిచ్చారు. షాపులో ఎవరికైనా అదే తంతు.

ఇంతటి నిష్ఠాపరుడి సొంత సెట్టు మాత్రం తప్పుగా ఉండేది. కింద ఒక చిన్న ఆంప్, పైన దానికి రెట్టింపు గొంతున్నది. సన్న శబ్దం చెవిలో సూదిలా దిగేది. నా ఆనందం ఇంతా అంతా కాదు.

"తాతగారూ, మీ ఇంట్లోనే పంచాయితీ జరుగుతోంది."

"జరగనీ తియ్యి," అని నవ్వి చాయ్ పోసేవారు. పాపం పెద్దాయన చెవులు పోయాయని నేను తీర్పు ఇచ్చేశాను.

నెల మాసికం అయిన మర్నాడు మామ్మగారు పిలిచారు. "దుమ్ము తుడుస్తుంటె వైరు ఊడింది బిడ్డా. జర పెట్టిపో. ఆదివారం మావోడొచ్చి గీ డబ్బాలన్ని తీస్కపోతడట. నీకు వినపడదు గద అమ్మా, ఎందుకంటడు. ఒక్కసారి విని చూస్త."

వైరు పెట్టాను. పెట్టి ఊరుకోవచ్చు కదా? గురువుగారి తప్పు దిద్దడమే గురుదక్షిణ అనుకున్నాను. పై ఆంప్ నాబ్ వెనక్కి తిప్పి రెండు గొంతులూ సమానం చేశాను. ఆ ఇంట్లో మొదటిసారి పాట కమ్మగా వినిపించింది. నాకు.

మామ్మగారి మొహం వాడిపోయింది. "దరువు వినొస్తున్నది, మాట వస్తలేదు బిడ్డా. మావోడు చెప్పిందే నిజమేమో. తీస్కపోనీ."

అప్పుడు కనిపించింది, నాబ్ పక్కన వెలిసిపోయిన ఎర్ర మరక. గోటితో గీకాను. ఊడి వచ్చింది. బొట్టుబిళ్ళ.

"అయ్యో, అది తీసినవా! అందాకనే తిప్పాలె. నాకు సన్న మాటలు వినరాక ఏండ్లాయె. మీ తాత రోజింత తిప్పుకుంట, 'ఇప్పుడొచ్చిందా? ఇప్పుడొచ్చిందా?' అని అడిగి, నేను పాటల మాటలు తిరిగి చెప్పినంక గాడ అతికిచ్చిండు. ఆయన చెవులల్ల దూది పెట్టుకొని నా పక్కన కూసునేటోడు."

ఆంప్ ఎంచుకోవడానికి ఆయన అడిగే మొదటి ప్రశ్నకు నేనెన్నడూ విలువివ్వలేదు. బిళ్ళ ఉన్న చోటిదాకా నాబ్ తిప్పాను. నా చెవులు గుయ్యిమన్నాయి. మామ్మగారి పెదవులు పాటతో పాటు కదిలాయి, ఒక్క మాట తప్పకుండా.

ఆదివారం కొడుకు ట్రాలీ ఆటోతో వచ్చాడు. నేను దూది పెట్టుకుని పాట పెట్టాను. ఆమె ఒక్కో చరణం విని, మాట మాటా తిరిగి చెప్పారు. అతను రెండు చరణాలు నిలబడి విన్నాడు. మూడోదానికి బయటికెళ్ళి ఆటోను ఖాళీగా పంపేశాడు.

మామ్మగారు లోపలికెళ్ళి అద్దం వెనక దాచిన బొట్టుబిళ్ళల అట్ట తెచ్చారు. ఒకటి ఒలిచి నాబ్ పక్కన, పాతది ఉన్న చోటే, వేలితో నొక్కి అతికించారు. తర్వాత ఇంకొకటి ఒలిచి, ఆంప్ ముందువైపు నల్లటి గాజుపలకలో చూసుకుంటూ, నుదుట పెట్టుకున్నారు.