దుమ్ము వెనక నక్షత్రం

నా ఉద్యోగం చచ్చిన చుక్కలకు కావలి కాయడమని దాయాదులైన మా పాలివాళ్లు వెక్కిరిస్తారు. పూర్తిగా అబద్ధమేమీ కాదు. నేను చూసేవి దుమ్ములో చుట్టుకుపోయిన పెద్ద నక్షత్రాలు. అవి కంటికి ఆనవు, వాటి వేడిని బట్టి పట్టుకుంటాం. ఉన్నట్టుండి ఒకటి భగ్గుమంటుంది. ఆ వెలుగు నక్షత్రం పేలిపోయే సూపర్‌నోవా అంత ఉండదు, చాలా తక్కువ. తర్వాత మసకబారుతుంది. అది చచ్చిందా, పై పొరలు మాత్రం విదిలించుకుని లోపల బతికే ఉందా అన్నది వెంటనే ఎవరూ చెప్పలేరు. ఏళ్ల తరబడి చూస్తూ కూర్చోవడమే.

మా అన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. మాట తక్కువ మనిషి. ఒక సాయంత్రం, కూరలో ఉప్పు తక్కువైందని వదిన తానే అంటుండగా, కంచం గోడకేసి కొట్టాడు. మేమెన్నడూ వినని కేకలు వేసి, కారు తీసుకుని వెళ్లిపోయాడు. కారు కొత్తూరు దాటాక రోడ్డు పక్కన దొరికింది. తాళంచెవి దానికే ఉంది. అన్న దొరకలేదు. దవాఖానలు, ఠాణాలు, బెంగళూరు దారిలో దాబాలు అన్నీ తిరిగాం. అంత కోపం ఎవరి మీదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పకుండా పోయినందుకు అతని మీద మంటగానే ఉంది.

ఒకరోజు చాయ్ ఇస్తూ వదిన అడిగింది.

"దినాం ఆ కంప్యూటర్ల ఏం చూస్తవ్?"

అలా భగ్గుమని మసకబారాక నేను ఏళ్లుగా చూస్తున్న ఒక నక్షత్రం సంగతి చెప్పాను. "అందరు చచ్చిందనుకున్నరు వదినా. లోపల ఉన్నట్టే ఉంది. దుమ్ము అడ్డమున్నది, గంతే."

అప్పటికి మా అంచనా అదే. అప్పటి నుంచి నేను ఆఫీసు నుంచి రాగానే వదిన "దుమ్ము పలచబడ్డదా?" అని అడిగేది. ఏం అడుగుతోందో ఇద్దరికీ తెలుసు.

దర్భలతో బొమ్మ చేసి అన్నకు కర్మ జరిపించమని పాలివాళ్లు పోరు పెట్టారు. "చుక్క సంగతే తేలకపాయె, మనిషి సంగతి మీరెట్ల తేలుస్తరు?" అంది వదిన. వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏటా పెత్రమాస అమావాస్య నాడు, పోయినవాళ్ల పేర్లు చెప్పి పురోహితం చేసే అయ్యగారికి బియ్యం ఇస్తాం. నేను తాత పేరు, బాపు పేరు చెప్పేవాణ్ని. "ఇంకెవరన్నా ఉన్నరా?" అని ఆయన అడిగితే లేరనేవాణ్ని. నా వెనక వదిన ఊపిరి వదలడం వినిపించేది.

ఈసారి పెత్రమాసకు ముందే కొత్త టెలిస్కోప్ తీసిన బొమ్మలు వచ్చాయి. లోపల నక్షత్రం ఉంటే చుట్టూ ఉన్న దుమ్ము వేడెక్కాలి. భగ్గుమనక ముందు ఉన్నంత వేడి కూడా ఇప్పుడక్కడ లేదు. దుమ్మే ఇంకా దట్టంగా ఉందేమోనని వాదించేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఆశ పోయింది. అత్తాపూర్ మీదుగా బస్సులో వస్తూ, వదినకు అబద్ధం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆమె గుమ్మంలోనే నా ముఖం చూసింది.

"లేదా?"

"చుక్కకు, మనిషికి లంకె ఏంది వదినా..."

"ఉన్నదా లేదా, చెప్పు జర."

"లేదు."

నా చేతిలోని కూరగాయల సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

పెత్రమాస పొద్దున అయ్యగారు అరుగు మీద కూర్చున్నారు. బియ్యం, పప్పు, కూరగాయలు ముందు పెట్టి తాత పేరు, బాపు పేరు చెప్పాను. "ఇంకెవరన్నా ఉన్నరా?" అన్నారాయన. లేరని అనలేకపోయాను.

వెనక నుంచి వదిన అన్న పేరు చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు పలికింది లేదు, ఠాణాలో సైతం నన్నే చెప్పమని పక్కకు జరిగింది. ఇప్పుడు ఇంటిపేరుతో సహా చెప్పింది. పైన దిగుతున్న విమానం చప్పుడుకు వినబడక, అయ్యగారు మళ్లీ చెప్పమన్నారు.

మళ్లీ చెప్పింది.