పచ్చి కలప దూలం

ఆయన్ని అందరూ అనుమానాల మేస్త్రి అనేవారు. వెక్కిరింపే, అయినా ఆయన పట్టించుకునేవాడు కాదు. రెండు కలప దూలాల మధ్య ఉక్కు పలకను నిలువుగా పెట్టి, బోల్టులతో బిగించి, ఒక్క దూలంగా చేయడం ఆయన పని. బరువులో ఎక్కువ పాలు ఉక్కు మోస్తుంది, ఆ ఉక్కు పక్కకు వంకర పోకుండా కలప పట్టుకుంటుంది. చేసిన దూలాన్ని దిమ్మెల మీద పెట్టి, నడుమ ఇసుక మూటలు పేర్చి, దారం లాగి, ఎంత కుంగిందో చూస్తే తప్ప పైకి ఎక్కనిచ్చేవాడు కాదు.

అంతటి మనిషీ ఒక్కచోట బోల్తా పడ్డాడు. బట్టలు కుట్టే కార్ఖానాకు పై అంతస్తు వేయిస్తూ యజమాని ఒకటే తొందర పెట్టాడు. ఎండిన కలప దొరకలేదు. మేస్త్రి పచ్చిదానితోనే కానిచ్చాడు. ఇసుక మూటలు పేరిస్తే దూలం చిటికెన వేలంత కూడా కుంగలేదు. ఎందుకు కుంగుతుంది, ఆ పూటే బిగించిన బోల్టులాయె!

"సార్, ఓ ఎండాకాలం పోతే కలప ఎండి సన్నబడుతుంది, బోల్టులు వదులవుతాయి. మళ్లీ వచ్చి బిగిస్తాను. పైన ఇరవై మిషన్లు మించనివ్వకండి" అన్నాడు.

"అలాగే మేస్త్రీ" అన్నాడు యజమాని. ఆ పెద్దమనిషి నెల తిరక్కుండానే అందం కోసమని దూలం కనిపించకుండా దాని అడుగునే సీలింగు కొట్టించాడు. మిషన్లు ముప్పై ఎనిమిదయ్యాయి.

సరిగ్గా ఆ దూలం కిందే మేస్త్రి అక్క కూర్చుని బొత్తాలు కుట్టేది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. భర్త కూడా పోయాక ఆ బొత్తాలే ఆవిడకు ఆధారం.

రెండు ఎండాకాలాలు గడిచాయి. బిగిస్తానని వెళ్లిన ప్రతిసారీ యజమాని రేపు చూద్దామన్నాడు. ఒకరోజు అక్కకు అన్నం ఇచ్చే వంకతో లోపలికి వెళ్లి, గోడ నుంచి గోడకు దారం లాగి చూశాడు. సీలింగు నడుమ నాలుగు వేళ్లు కుంగి ఉంది. దూలం వంగితే కిందివైపు సాగుతుంది, పైవైపు నలుగుతుంది. రెండింటికీ ఓ హద్దుంది. ఆ హద్దుకు ఇంకెంత దూరముందో ఇక ఆయన కూడా చెప్పలేడు.

"అక్కా, రేపట్నుంచి అక్కడ కూర్చోకే."

"మరెక్కడ కూర్చోమంటావురా, నీ నెత్తినా?"

మర్నాడు మేస్త్రి తిన్నగా మున్సిపల్ ఇంజనీరు ఆఫీసుకు వెళ్లి కాగితం రాసిచ్చాడు.

"దూలం ఎవరు చేశారు?" అనడిగాడు ఇంజనీరు.

"నేనేనండీ."

"నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకుంటున్నావా?"

ఇంజనీరు వచ్చి చూసి కార్ఖానా మూయించాడు. యజమాని మిషన్లు బండికెత్తించి వేరే ఊరు వెళ్లిపోయాడు. కూలివాళ్లు సీలింగు ఊడదీశాక మేస్త్రి నిచ్చెనెక్కి నట్టు పట్టుకున్నాడు. పానాతో పనే లేకపోయింది, ఉత్త వేళ్లకే గిర్రున తిరిగింది. పరుగున వెళ్లి అక్కను తీసుకొచ్చి, మళ్లీ నిచ్చెనెక్కాడు.

అక్క తలెత్తి చూసింది. "తిన్నగానే ఉంది కదరా."

"పైన బరువు తీసేశారు కదక్కా, అందుకని లేచింది. ఈ నట్టు చూడు, ఎలా తిరుగుతోందో..."

"చాల్లే, నీకు పుట్టుకతోనే అనుమానం. దానికి నా నోటి దగ్గర కూడు లాగేశావు" అంది. అరవలేదు, ఏడవలేదు. ఈ వయసులో ఎవరు పనిస్తారో అడిగి చూస్తానని వీధిలోకి వెళ్లిపోయింది.

మేస్త్రి నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఈ దూలం ఒక్కసారి కూలి ఉంటే అందరికీ తెలిసొచ్చేది అనుకున్నాడు కసిగా. ఆ మరుక్షణమే దాని కింద కూర్చునేది ఎవరో తట్టింది.